డిస్నీ, పిక్సర్ సీక్వెళ్లను బొమ్మల వ్యాపారమే నడిపిస్తోందా? బయటివాళ్లం ఎలా పోల్చుకోవాలి?

కథారీలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సీక్వెల్ ప్రకటన రాగానే "బొమ్మలు అమ్ముకోవడానికే" అని తేల్చేయడం మామూలైపోయింది. ఆ మాటలో ఎంత నిజముందో పని తెలిసినవాళ్లు చెబితే వినాలని ఉంది.

నా అనుమానానికి కారణం లెక్కలే. 2006లో వచ్చిన 'కార్స్' ప్రపంచమంతా కలిపి సుమారు 46 కోట్ల డాలర్లు వసూలు చేసింది. పిక్సర్ స్థాయికి అది గొప్ప వసూలేమీ కాదు. ఆ సినిమా పేరు మీద ఐదేళ్లలో అమ్ముడైన సరుకు మాత్రం దాదాపు 1,000 కోట్ల డాలర్లని 2011లో వార్తలొచ్చాయి. ఆ ఏడాదే 'కార్స్ 2' విడుదలైంది. ఆస్కార్లలో యానిమేషన్ చిత్రాలకు ప్రత్యేక విభాగం మొదలయ్యాక అందులో నామినేషన్ కూడా రాని మొదటి పిక్సర్ సినిమా అదే. 2023 ఫిబ్రవరిలో అప్పటి డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ 'టాయ్ స్టోరీ', 'ఫ్రోజెన్', 'జూటోపియా' మూడింటికీ తర్వాతి భాగాలు వస్తాయని ఒక్కసారే ప్రకటించారు. 'టాయ్ స్టోరీ'లో బొమ్మల యజమాని ఆండీ కథ 2010లో మూడో భాగంతోనే నిండుగా ముగిసిందని నమ్మేవాళ్లకు ఇది మింగుడుపడడం లేదు.

అడగాలనుకున్నవి మూడు. బొమ్మల విభాగం కథలో నిజంగా వేలు పెడుతుందా? పెడితే బయటినుంచి ఎలా తెలుస్తుంది? అభిమానుల ఫిర్యాదుల్లో ఎలాంటివి పనిచేస్తాయి?

అచ్చుపోత

ముందు డబ్బు నడిచే దారి చెబుతాను, ఆ 1,000 కోట్ల లెక్క చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది కాబట్టి. అది దుకాణంలో కొనుగోలుదారు కట్టిన మొత్తం. డిస్నీ చేతికి అందేది అందులో చిన్న ముక్క. బొమ్మల్లో ఎక్కువ భాగం డిస్నీ తయారు చేయదు, లైసెన్స్ ఇస్తుంది. 'కార్స్' బండ్లు మాటెల్‌వి, స్టార్ వార్స్ బొమ్మల్లో అధికభాగం హాస్‌బ్రోవి. తయారీదారు టోకు ధర మీద రాయల్టీ కడతాడు. సరుకు అమ్ముడైనా కాకపోయినా ఇంత కట్టి తీరాలని కనీస హామీ కూడా ఒప్పందంలో ఉంటుంది. ఉదాహరణకు బొమ్మ 20 డాలర్లు, టోకు ధర 10, రాయల్టీ 12 శాతం అనుకోండి. డిస్నీకి వచ్చేది 1.20. అంకెలు ఒప్పందాన్ని బట్టి మారతాయి కానీ దారి ఇదే. ఆ 1.20 వెనక డిస్నీకి పెద్ద ఖర్చు లేదు. అచ్చుల పెట్టుబడి, మిగిలిపోయిన సరుకు నష్టం అంతా తయారీదారు నెత్తిన ఉంటాయి. కంపెనీకి ఈ ఆదాయం అంత ఇష్టం కావడానికి కారణం అదే.

ఇక కథలో వేలు పెట్టే సంగతి. పెట్టిన సందర్భాలున్నాయి. 'ఐరన్ మ్యాన్ 3'లో అసలు విలన్ మొదట స్త్రీ పాత్ర అనీ, ఆ బొమ్మ అమ్ముడవదన్న లెక్కతో పాత్రను మగవాడిగా మార్పించారనీ దర్శకుడు షేన్ బ్లాక్ 2016లో బయటికి చెప్పారు. అయితే ఇలా నేరుగా ఆజ్ఞ రావడం అరుదు. ఎక్కువసార్లు నష్టం జరిగేది క్యాలెండర్ వల్ల.

బొమ్మల పని సినిమా విడుదలకు 12 నుంచి 18 నెలల ముందే మొదలవ్వాలి. స్టూడియో నుంచి స్టైల్ గైడ్ వస్తుంది: పాత్ర ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి ఎలా ఉంటుంది, ఏ రంగుకు ఏ నంబరు, ఏ భంగిమ వాడకూడదు, అన్నీ అందులో ఉంటాయి. దాన్నిబట్టి గీసిన బొమ్మకు ఒక అనుమతి, చెక్కిన నమూనాకు ఒకటి, రంగు వేసిన నమూనాకు ఒకటి, అచ్చులోంచి తీసిన మొదటి ముక్కకు ఒకటి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సరుకుకు చివరిది. వీటి మధ్యలో ఉక్కు అచ్చు కోయడానికి వారాలు పడుతుంది. ఆపైన ఓడ ప్రయాణం, గోదాములు, దుకాణాల అరలు.

అచ్చు దగ్గర ఉన్న చిక్కు తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. అచ్చులో ఉక్కును ఇంకాస్త చెక్కడం తేలిక. అలా చెక్కితే ప్లాస్టిక్ బొమ్మ మీద ఆ చోటు లావవుతుంది. సన్నం చేయాలంటే ఉక్కు చేర్చాలి, అంటే వెల్డింగ్ చేసి మళ్లీ కోయాలి, లేదా కొత్త అచ్చు పోయాలి. పాత్రకు చివర్లో ముక్కు పెంచారా, సరిచేయొచ్చు. జడ తీసేశారా, ఆ బొమ్మ జడతోనే దుకాణానికి వస్తుంది. అందుకే పాత్ర రూపం త్వరగా ఖాయం చేయమని స్టూడియో మీద ఒత్తిడి పడుతుంది.

అభిమానులు కుట్ర అనుకునే ఇంకో సంగతి, పాత్రలు దొరకకపోవడం. బొమ్మలు దుకాణానికి విడివిడిగా వెళ్లవు, కలగలుపు పెట్టెల్లో వెళ్తాయి. 12 బొమ్మల పెట్టె అనుకుందాం: ప్రధాన పాత్ర నాలుగు, విలన్ మూడు, మరో రెండు పాత్రలు రెండేసి, ఇంకొకటి ఒక్కటే. ఆ ఒక్కటీ మొదటి రోజే అమ్ముడైపోతుంది. మిగిలినవి కొక్కేలకు వేలాడుతుంటాయి. అవి కదిలేదాకా దుకాణం రెండో పెట్టె తెప్పించదు. 2013 నవంబరులో 'ఫ్రోజెన్' వచ్చాక 2014లో ఎల్సా గౌన్లు నెలల తరబడి దొరకలేదు. సినిమా ఎంత ఆడుతుందో తెలియకముందే ఇచ్చిన ఆర్డర్లు అవి. కొత్త ఆర్డర్ ఇచ్చినా వెంటనే వచ్చే సరుకు కాదు.

తెరవెనుక24

అచ్చుపోత గారు క్యాలెండర్ అన్నారు, నా వాదనంతా దాని మీదే. అనుమానించాల్సింది బొమ్మను కాదు, కదపలేని విడుదల తేదీని.

'టాయ్ స్టోరీ 2' సంగతే చూడండి. మొదట అది థియేటర్ సినిమా కాదు, నేరుగా వీడియోలో వదలడానికి మొదలైంది. 1998లో థియేటర్‌కు మార్చారు. ఆ ఏడాది చివర్లో 'ఎ బగ్స్ లైఫ్' పని ముగించుకుని వచ్చిన పిక్సర్ దర్శకుడు జాన్ లాసెటర్ రీళ్లు చూసి, ఇది ఇలా విడుదల చేయలేమన్నారు. తేదీ మార్చే వీలు లేదు, 1999 నవంబరే. దాదాపు తొమ్మిది నెలల్లో కథ తిరగరాసి సినిమా మళ్లీ చేశారు. సినిమా అద్భుతంగా వచ్చింది. కానీ ఆ పని ముగిసేసరికి సిబ్బందిలో మూడో వంతు మందికి చేతులు, మణికట్లు దెబ్బతిన్నాయని పిక్సర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్ తర్వాత రాశారు. ఆ ఫలితం ఒకసారి వచ్చింది కదా అని పద్ధతిగా పెట్టుకోకూడదు.

'మోనా 2' కూడా దాదాపు అంతే గడువులో వచ్చింది. 2020 డిసెంబరులో డిస్నీ ప్లస్ సిరీస్‌గా ప్రకటించారు. 2024 ఫిబ్రవరిలో, ఇక అది సినిమా, నవంబరు 27న విడుదల అన్నారు. వసూళ్లు 100 కోట్ల డాలర్లు దాటాయి. కానీ కథలో అతుకులు కనబడతాయి: పడవ ఎక్కిన కొత్త తోడు పాత్రలకు ఒక్కో ఎపిసోడ్ దక్కాల్సిన బరువు ఉంది, సినిమాలో ఒక్కో సన్నివేశమే దక్కింది. చివరి పేర్ల మధ్యలో వచ్చే ముక్క తర్వాతి భాగానికి దారి వేసి వదిలేస్తుంది. సిరీస్ కోసం రాసిన కథను సాగదీయడమో కుదించడమో చేస్తే ఇలాగే ఉంటుంది, చేసినవాళ్ల ప్రతిభ ఎంతున్నా.

సీక్వెల్ హక్కు ఎవరిదన్నది కూడా చూడాలి. అప్పట్లో వేరే కంపెనీగా ఉన్న పిక్సర్ 1997 ఒప్పందంలో డిస్నీకి ఐదు సినిమాలు ఇవ్వాలి, సీక్వెళ్లు ఆ ఐదులో లెక్కకు రావు. పాత్రల మీద హక్కులు డిస్నీవి. 2004లో కొత్త ఒప్పందం మాటలు తెగిపోయాక డిస్నీ 'సర్కిల్ 7' అనే వేరే స్టూడియో పెట్టి, పిక్సర్ ప్రమేయం లేకుండానే 'టాయ్ స్టోరీ 3' కథ రాయించడం మొదలుపెట్టింది. 2006లో 740 కోట్ల డాలర్లకు పిక్సర్‌ను కొన్నాక దాన్ని మూసేశారు. ఆ కొనుగోలు జరగకపోతే, 2010లో మనం చూసిన మూడో భాగం ఉండేది కాదు. ఆ తర్వాత లాసెటర్, క్యాట్‌మల్ డిస్నీ యానిమేషన్ పగ్గాలు కూడా పట్టుకుని, 1994 నుంచి వస్తున్న వీడియో సీక్వెళ్లను 2007లో ఆపించారు. కంపెనీ అదే, పాత్రలు అవే, నిర్ణయం తీసుకునే కుర్చీలో మనిషి మారాడు, దిశ మారింది. ఎవరు అధ్యక్షత వహిస్తున్నారో చూడకుండా "డిస్నీ ఇలా చేస్తుంది" అనడం వల్ల ఏమీ తేలదు.

మొదటివారం

పై ఇద్దరితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. తేదీ, బొమ్మ రెండూ నిజమే కానీ, 2020 తర్వాత సీక్వెళ్ల వరదకు అసలు కారణం వేరు. కొత్త కథలకు థియేటర్లో ప్రేక్షకుడు కరువయ్యాడు.

'సోల్' 2020 డిసెంబరులో, 'లూకా' 2021లో, 'టర్నింగ్ రెడ్' 2022లో, మూడూ కొత్త కథలే, చాలా దేశాల్లో నేరుగా డిస్నీ ప్లస్‌కే వెళ్లాయి. కొత్త పిక్సర్ కథ అంటే ఇంట్లో చూసేదే అని కుటుంబాలకు ఆ మూడేళ్లలో అలవాటైపోయింది. 2023లో 'ఎలిమెంటల్' మొదటి వారాంతం అమెరికా, కెనడాల్లో సుమారు 3 కోట్ల డాలర్లతో మొదలైంది. నోటిమాట మీద మెల్లగా పాకి చివరికి ప్రపంచవ్యాప్తంగా 50 కోట్ల దగ్గరికి చేరింది. 2025లో 'ఎలియో' సుమారు 2.1 కోట్లతో మొదలైంది, పిక్సర్ చరిత్రలో అంతకన్నా తక్కువ ఓపెనింగ్ లేదు. మధ్యలో 2024లో 'ఇన్‌సైడ్ అవుట్ 2' దాదాపు 170 కోట్లు తెచ్చింది. ఈ అంకెలు బోర్డు బల్ల మీద పెడితే ఏ అధికారైనా ఏది ఎంచుకుంటాడు?

అలాగని పేరు ఉంటే చాలన్నది కూడా తప్పు. 'లైట్‌ఇయర్' 2022లో 'టాయ్ స్టోరీ' బొమ్మ బజ్ పేరుతోనే వచ్చింది. ప్రపంచమంతా కలిపి 23 కోట్లు కూడా దాటలేదు. ఇది బొమ్మ కథ కాదు, ఆండీ చిన్నప్పుడు చూసిన సినిమా అని ముందే విడమరిచి చెప్పాల్సి వచ్చింది. తెలిసిన పాత్ర, తెలియని మనిషి, తెలియని గొంతు. పిల్లలకు ఒక వాక్యంలో చెప్పలేని కథ థియేటర్ దాకా తీసుకెళ్లదు.

ఇంకొకటి, బొమ్మకన్నా పెద్ద బంధనం పార్కు. 2012 జూన్‌లో కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో 12 ఎకరాల్లో 'కార్స్ ల్యాండ్' తెరిచారు. బొమ్మ అమ్ముడుకాకపోతే అచ్చు పక్కన పెట్టేస్తారు. రాళ్లూ పట్టాలూ వేసి కట్టిన ఊరిని పక్కన పెట్టలేరు. ఆ పాత్రలు దశాబ్దాల పాటు పిల్లలకు కొత్తగా పరిచయం అవుతూనే ఉండాలి. డిస్నీ వార్షిక నివేదిక చూడండి: 2023 నుంచి వ్యాపారం మూడు విభాగాలు, వినోదం, క్రీడలు, ఎక్స్‌పీరియన్సెస్. బొమ్మల లైసెన్సు ఆదాయం సినిమాల దగ్గర కాదు, పార్కులతో కలిపి మూడో దాంట్లో చూపిస్తారు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ విభాగం రాబడి 3,400 కోట్ల డాలర్ల పైమాటే. ఎలాంటి కథ కావాలన్నది ఆ విభాగం కూడా కోరుకుంటుంది.

కథారీలు

మొదటివారం గారూ, ప్రేక్షకుడు రాకపోవడం నిజమే, కానీ బొమ్మలు పనికిరాని కథలను మొదటినుంచే చిన్నచూపు చూస్తే ప్రేక్షకుడికి ఎలా చేరతాయి? 2009లో 'అప్' వచ్చినప్పుడు 78 ఏళ్ల ముసలాయన బొమ్మ ఎవరు కొంటారని పెట్టుబడి విశ్లేషకులు ముందే పెదవి విరిచారు కదా. ఆ సినిమా 73 కోట్ల డాలర్లు వసూలు చేసి, ఉత్తమ చిత్రం విభాగంలో నామినేట్ అయింది. ఈ మాట మర్చిపోకూడదు.

ఫిర్యాదుల సంగతి ఎవరూ చెప్పలేదు. స్టార్ వార్స్ కథానాయిక రే బొమ్మ విషయంలో గొడవ పనిచేసింది కదా, అది ఎందుకు పనిచేసింది?

తెరవెనుక24

'అప్' ఉదాహరణ సరైనది. ఆ సినిమాకు పెద్ద దుకాణాలు, బొమ్మల కంపెనీలు పెద్దగా ముందుకు రాలేదు, అయినా స్టూడియో కథ మార్చలేదు. దీనికి ఇంకో తోడు ఉదాహరణ గ్రోగు, అభిమానులు 'బేబీ యోడా' అని పిలిచే స్టార్ వార్స్ పాత్ర. 2019 నవంబరు 12న 'ది మాండలోరియన్' మొదలయ్యేదాకా ఆ పాత్ర రహస్యంగా ఉండాలని ఆ సిరీస్ సృష్టికర్త జాన్ ఫావ్రో పట్టుబట్టారు. స్టైల్ గైడ్ ముందే బయటికి వెళ్తే రహస్యం నిలవదు కాబట్టి బొమ్మలు ఆపేశారు. ఆ క్రిస్మస్‌కు చెప్పుకోదగ్గ బొమ్మ లేదు, సరైనవి 2020లోనే వచ్చాయి. ఒక పండగ సీజన్ అమ్మకాలు వదులుకుని ఒక సన్నివేశాన్ని కాపాడారు. పై అధికారి ఒప్పుకుంటే ఇది సాధ్యమే.

వినతిపత్రం

ఫిర్యాదుల గురించి నేను చెబుతాను. గెలిచినవాటిని పక్కపక్కన పెడితే ఒక పోలిక కనబడుతుంది: అన్నీ ఫలానా వస్తువు మీద, ఫలానా మార్పు అడిగినవే.

2013లో 'బ్రేవ్' కథానాయిక మెరిడాను డిస్నీ రాకుమార్తెల వరసలో చేర్చేటప్పుడు నడుము సన్నం చేసి, కళ్లు దిద్ది, విల్లు తీసేసిన కొత్త బొమ్మ గీశారు. ఆ సినిమా కథ రాసి, మొదట దర్శకత్వం వహించిన బ్రెండా చాప్‌మన్ బహిరంగంగా తప్పుపట్టారు. వినతిపత్రం మీద రెండు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అడిగింది ఒక్కటే, పాత రూపం తిరిగి పెట్టమని. డిస్నీ తన రాకుమార్తెల వెబ్‌సైట్‌లో సినిమాలోని మెరిడానే ఉంచింది. 2015లో 'ది ఫోర్స్ అవేకెన్స్' మోనోపలీ ఆటలో ల్యూక్, వేడర్, ఫిన్, కైలో రెన్ ఉన్నారు, కథానాయిక రే లేదు. కథ బయటపడకూడదనే అలా చేశామని హాస్‌బ్రో అంది. విడుదలయ్యాక ఆ సాకు నిలవలేదు. 'రే ఎక్కడ' అన్న హ్యాష్‌ట్యాగ్, పిల్లల ఉత్తరాలు కలిసి 2016 జనవరిలో రేను చేరుస్తామని చెప్పించాయి. "సీక్వెళ్లు ఆపండి" అన్న వినతి ఎవరి బల్ల మీదికీ చేరదు, ఎందుకంటే అది ఏ ఒక్క ఉద్యోగి పనీ కాదు.

మీరు రాసేటప్పుడు పెట్టె వెనక చిన్న అక్షరాలు చదవండి. డిస్నీ కాపీరైట్ గుర్తు పక్కనే తయారీ కంపెనీ పేరు, చిరునామా, వస్తువు నంబరు, బార్‌కోడ్ ఉంటాయి. రంగు ఊడడం, కీలు విరగడం, పెట్టెలో పాత్రల పంపకం, ఇవన్నీ తయారీదారు చూసుకోవాల్సినవి. ముఖం తప్పుగా ఉండడం, పాత్రే లేకపోవడం లైసెన్స్ ఇచ్చినవాళ్లు ఆమోదించినవి, డిస్నీకే రాయాలి. రెండూ ఒకే ఉత్తరంలో కలిపితే ఇది మాది కాదని ఇద్దరూ పక్కకు నెట్టేస్తారు. వస్తువు నంబరు, ఒక ఫొటో, ఒక కోరిక. అంతకన్నా ఎక్కువ రాయొద్దు.

వాటాదారుల దారి గురించి కొందరు ఆశగా మాట్లాడుతుంటారు. అమెరికా నిబంధన 14ఎ-8 ప్రకారం 2,000 డాలర్ల విలువైన షేర్లు మూడేళ్లు, లేదా 15,000వి రెండేళ్లు, లేదా 25,000వి ఏడాది పాటు ఉంచుకున్నవాళ్లు వార్షిక సమావేశానికి ప్రతిపాదన పంపొచ్చు. 500 పదాలు మించకూడదు. కానీ రోజువారీ వ్యాపార నిర్వహణకు సంబంధించినదైతే కంపెనీ దాన్ని పక్కన పెట్టొచ్చు. ఏ సినిమా తీయాలి, ఏ బొమ్మ అమ్మాలి అన్నవి సరిగ్గా ఆ కోవలోకే వస్తాయి. అక్కడ శ్రమ పెట్టకండి. సమావేశంలో ఒక ప్రశ్న అడగడం దానికన్నా తేలిక, జవాబు కూడా రికార్డులో ఉంటుంది.

మొదటివారం

దీనికి ఒక్క మాట కలుపుతాను. కొత్త కథ కావాలనుకునేవాళ్లు దాన్ని మొదటి వారాంతంలోనే థియేటర్లో చూడాలి. మూడో వారం స్క్రీన్లు ఎన్ని ఉంచాలన్నది మొదటి సోమవారం అంకెలే తేలుస్తాయి. 'ఎలిమెంటల్'లా పాకే అవకాశం అన్ని సినిమాలకూ దొరకదు.

కథారీలు

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి. 'ఫ్రోజెన్ 3' 2027 నవంబరు 24న అని ప్రకటించారు. ఇప్పుడు విన్నదాన్నిబట్టి దాంట్లో ఏం గమనించాలి?

అచ్చుపోత

వెనక్కి లెక్కపెట్టండి. 18 నెలల ముందు అంటే 2026 మే, 12 నెలల ముందు అంటే 2026 నవంబరు. ఆ ఆరు నెలల్లో ఎల్సా, ఆనాల కొత్త దుస్తులు బొమ్మలవాళ్ల కోసం ఖాయం కావాలి. ఆ తర్వాత దర్శకుడో రచయితో మారినట్టు వార్త వచ్చి, విడుదల తేదీ మాత్రం కదలకపోతే, దానికి భయపడాలి. తేదీ వెనక్కి జరిగితే కంగారు పడొద్దు, కథకు సమయం ఇస్తున్నారన్నమాట.

విడుదలకు కొన్ని నెలల ముందు దుకాణాల జాబితాల్లో పేరు లేకుండా, ఫొటో లేకుండా ఉండే వస్తువులు చూడండి. దాచాల్సిన పాత్ర ఉందని వాటి అర్థం. ఫొటోలు వచ్చాక ఒకే పాత్రకు ఎన్ని దుస్తులున్నాయో లెక్కపెట్టి దాచుకోండి. సినిమా చూశాక ఒక్కో దుస్తును అడగండి: ఇది కథలో ఎక్కడ మారింది, మారడానికి కారణం ఉందా? మొదటి 'ఫ్రోజెన్'లో ఎల్సా నీలం గౌను పాట మధ్యలో, పట్టాభిషేకం దుస్తులు వదిలేస్తూ వస్తుంది. ఆ మార్పే కథ. అలాంటి కారణం లేకుండా నాలుగు గౌన్లు మారితే ఆ సన్నివేశాలు ఎవరి కోసమో తెలిసిపోతుంది.

బొమ్మకున్న జడో కోటో తెర మీద కనబడకపోతే ఫిర్యాదు రాయకండి. అచ్చు కోసేశాక కూడా కథవాళ్లు సన్నివేశం మార్చుకోగలిగారన్నమాట.